కొన్ని కేసులే ఎందుకు వెంటాడతాయి? తేలని నేరాలు, జాడ తెలియని మనుషులు

బెజవాడ_రవి

2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయలుదేరి మాయమైన ఎంహెచ్370 విమానం గురించి తెలుగులో ఈరోజుకీ కొత్త వీడియోలు వస్తూనే ఉన్నాయి. 2016 జులై 22న చెన్నై పక్కన తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 కూడా అలాగే బంగాళాఖాతం మీద కనబడకుండా పోయింది. అందులో ఉన్న 29 మందిలో 8 మంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఆ విమానం పేరు చెబితే విశాఖ దాటాక ఎంతమందికి గుర్తొస్తుంది?

ఎంహెచ్370లో 239 మంది, ఏఎన్-32లో 29 మంది అన్న లెక్క ఒక్కటే దీనికి కారణం అనిపించడం లేదు. ఒకే ఇంట్లో జరిగిన హత్య దేశాన్ని ఏళ్ల తరబడి కుదిపేయడం చూశాం, ఒక ఊళ్లో పిల్లలు వరసగా మాయమవుతుంటే ఎవరికీ పట్టకపోవడమూ చూశాం. ఈ విషయం లోతుగా తెలిసినవాళ్లు వివరంగా రాయండి. కుట్ర కథలు మాత్రం వద్దు, దయచేసి.

రాడార్_మూర్తి

రవి గారూ, ఆ రెండు విమానాలూ మనకు వదిలిన ప్రశ్నలు వేరు.

ఏఎన్-32 ఉదయం 8:30కి లేచింది. 9:12 ప్రాంతంలో రాడార్ మీద చివరిసారి కనబడినప్పుడు 23,000 అడుగుల నుంచి వేగంగా కిందికి దిగిపోతోంది. సముద్రంలో పడిందన్నది ఆ రోజే దాదాపు అర్థమైపోయింది. ఇక మిగిలింది ఎక్కడ అన్నదే. దానికీ 2024 జనవరిలో జవాబు దొరికింది: చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్లు దింపిన మనిషి లేని జలాంతర్గత వాహనం శకలాలను ఫొటోలు తీసింది.

ఎంహెచ్370 అలా కాదు. అర్ధరాత్రి దాటాక 1:19కి పైలట్ గది నుంచి చివరి మాట, 1:21కి విమానం ఉనికిని రాడార్‌కు చెప్పే ట్రాన్స్‌పాండర్ ఆగిపోయింది. కానీ విమానం వెనక్కి తిరిగి, మలయా ద్వీపకల్పం దాటి వెళ్లడం 2:22 వరకు సైనిక రాడార్ మీద కనబడింది. ఆ తర్వాత ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహానికీ విమానంలోని పరికరానికీ మధ్య యాంత్రికమైన పలకరింపులు ఉదయం 8:19 దాకా నడిచాయి. పలకరింపు వెళ్లి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఉపగ్రహం నుంచి విమానం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది, ఏ వైపు ఉందో తెలియదు. అందుకే మ్యాపు మీద చుక్క రాదు, వలయం వస్తుంది. అలాంటివి ఏడు గీశారు. ఫ్రీక్వెన్సీలో వచ్చిన చిన్న తేడాలను బట్టి దక్షిణ హిందూ మహాసముద్రం వైపు వెళ్లిందని తేల్చారు. ఏడో వలయం చుట్టూ 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రపు అడుగును గాలించి 2017 జనవరిలో ఆపేశారు. 2018లో ఓషన్ ఇన్ఫినిటీ అనే కంపెనీ ఇంకో 1,12,000 చదరపు కిలోమీటర్లు చూసింది. అయినా దొరకలేదు.

అంటే అందరూ "పోయింది" అనుకున్న క్షణం తర్వాత ఆ విమానం దాదాపు ఏడు గంటలు గాల్లో ఉంది. మనల్ని పట్టి ఉంచేది ఆ ఏడు గంటలే. 2015 జులై 29న రీయూనియన్ దీవి ఒడ్డుకు రెక్క భాగం ఒకటి కొట్టుకొచ్చింది. అది పడిందని రుజువు చేసిందే తప్ప, ఆ ఏడు గంటల్లో లోపల ఏం జరిగిందో చెప్పలేకపోయింది.

సాంకేతికంగా ఒక్క మాట. విమానంలోని 406 మెగాహెర్ట్జ్ అత్యవసర రేడియో నీళ్లలో పనిచేయదు, రేడియో తరంగం ఉప్పునీటిని దాటలేదు. బ్లాక్ బాక్సుకు తగిలించే బీకన్ 37.5 కిలోహెర్ట్జ్ శబ్దం పంపుతుంది, అదీ కొద్ది కిలోమీటర్ల వరకే వినబడుతుంది. అప్పట్లో దాని బ్యాటరీకి నిర్దేశించిన ఆయుష్షు 30 రోజులు. చోటు తెలియకుండా ఆ 30 రోజులూ గడిచిపోతే ఇక శబ్దంతో వెతికే సోనార్‌తో అడుగు మొత్తం దువ్వాల్సిందే. తర్వాతి ఏళ్లలో బీకన్‌కు 90 రోజుల గడువు అమల్లోకి వచ్చింది.

సుజాత_పి

మూర్తి గారు చెప్పిన "ఏడు గంటలు" మనస్తత్వం వైపు నుంచి కూడా సరైన చోటే ఉంది.

దీన్ని చాలామంది 1927 నాటి బ్లూమా జైగార్నిక్ ప్రయోగంతో వివరిస్తారు. సగంలో ఆగిన పని ఎక్కువ గుర్తుంటుందన్నది ఆమె గమనింపు. తర్వాత చేసినవాళ్లకు ఆ ఫలితం నిలకడగా రాలేదు, కాబట్టి మొత్తం బరువు దాని మీద పెట్టకూడదు. పైగా తేలని కేసులన్నీ "సగంలో ఆగినవే" కదా. అన్నీ ఎందుకు గుర్తుండవు?

ఇంకాస్త గట్టి ఆధారం ఉన్నది ఒక ముఖం, ఒక పేరు గురించిన పరిశోధన. 1968లో థామస్ షెల్లింగ్ లేవనెత్తిన విషయాన్ని 2007లో స్మాల్, లోవెన్‌స్టైన్, స్లోవిక్ ప్రయోగంలో పెట్టి చూశారు. పేరు, ఫొటోతో ఒక పాప గురించి చెప్పినప్పుడు జనం ఇచ్చిన విరాళం, లక్షల మంది ఆకలి లెక్కలు చెప్పినప్పటికంటే ఎక్కువ. రెండూ కలిపి చెబితే పాపకు వచ్చే డబ్బు కూడా తగ్గింది. అంకె పక్కన పెట్టగానే ముఖం మసకబారుతుంది. "ఫలానా జిల్లాలో ఏడాదికి ఇంతమంది అదృశ్యం" అన్న వార్త మన మీద పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

ఇంకొకటి కుటుంబాల వైపు నుంచి. పాలిన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల భార్యలను గమనించి, ఈ రకం దుఃఖానికి ముగింపు ఉండదని చెప్పింది. మనిషి లేడు, పోయాడని చెప్పడానికీ లేదు. ఇది చూసేవాళ్లకూ కొంత అంటుకుంటుంది. 2009 సెప్టెంబరు 2 తలుచుకోండి. ముఖ్యమంత్రి హెలికాప్టర్ నల్లమల మీద కనబడకుండా పోయి, మర్నాడు ఉదయం శకలాలు దొరికే దాకా రాష్ట్రమంతా టీవీల ముందు ఆ స్థితిలోనే ఉంది. అది ఒక్క రోజు. కొన్ని ఇళ్లలో అది పదేళ్లు.

పాత_పత్రికలు

ముఖం, పేరు అన్నారు కాబట్టి నోయిడా చూద్దాం. ఒకే ఊరు, కొద్ది ఏళ్లలోనే మూడు ఘటనలు.

నోయిడాలోని నిఠారీ గ్రామంలో 2005 నుంచి పిల్లలు కనబడకుండా పోతున్నారు. వలస కూలీల పిల్లలు. తల్లిదండ్రులు స్టేషన్ చుట్టూ తిరిగినా పట్టించుకోలేదన్న ఆరోపణ మీద తర్వాత పోలీసులు సస్పెండ్ అయ్యారు. 2006 నవంబరులో అదే నోయిడాలో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ అధికారి మూడేళ్ల కొడుకును ఎత్తుకెళ్లారు, కొద్ది రోజుల్లోనే బాబు ఇంటికి చేరాడు. డిసెంబరు 29న నిఠారీ కాలువలో ఎముకలు బయటపడ్డాయి.

2008 మే 16న ఆరుషి అనే అమ్మాయి ఇంట్లోనే హత్యకు గురైన కేసు. చనిపోయింది ఇద్దరు. ఆ ఇంట్లో పనిచేసే హేమరాజ్ మృతదేహం మర్నాడు మేడ మీద దొరికింది, అంతవరకూ అతన్నే అనుమానితుడన్నారు. కానీ దేశం ఆ కేసును ఒక్క పేరుతోనే పిలుస్తుంది.

ఇప్పుడు కోర్టు ఫలితాలు చూడండి. ఆరుషి తల్లిదండ్రులకు 2013లో శిక్ష పడి, 2017 అక్టోబరు 12న అలహాబాద్ హైకోర్టు కొట్టేసింది. నిఠారీ కేసుల్లో ఉరిశిక్షలు పడ్డవాటిని 2023 అక్టోబరులో అదే హైకోర్టు కొట్టేసింది, 2025లో సుప్రీం కోర్టు దాన్నే నిలబెట్టి, మిగిలిన చివరి కేసులోనూ నిందితుణ్ణి విడుదల చేసింది. చట్టం దృష్టిలో ఈరోజు నిఠారీ పిల్లలను చంపింది ఎవరో తెలియదు. మన దేశంలో ఇంత పెద్ద తేలని నేరం మరొకటి చెప్పడం కష్టం. అయినా "తేలని కేసు" అనగానే నోటికొచ్చేది ఆరుషి కేసే.

తోట_అనిల్

ఇందులో మనస్తత్వం దాకా వెళ్లడం ఎందుకండీ? డబ్బున్న ఇల్లు, ఇంగ్లిష్ చానెళ్లు చూసే వర్గం. వాళ్లింట్లో జరిగితే వార్త, కూలీల ఇంట్లో జరిగితే లోపలి పేజీలో నాలుగు లైన్లు. దీన్ని చుట్టు తిప్పి చెప్పక్కర్లేదు.

వకీలు_హనుమకొండ

అనిల్ గారూ, వర్గం ఉంది, కాదనను. అయితే అది ఏ దారిలో పనిచేస్తుందో చూడాలి. విలేకరి మనసు కంటే ముందు అది పనిచేసేది స్టేషన్ బల్ల దగ్గర.

మనం ఏళ్ల తరబడి చర్చించుకునే కేసులన్నిట్లో ఒక లక్షణం ఉంది. మొదటి గంటల్లోనే ఎవరో ఒకరు వివరాలు రాసిపెట్టారు. ఎన్ని గంటలకు తలుపు తీశారు, ఏ గది తాళం ఎవరి దగ్గర ఉంది, చివరి ఫోన్ ఎవరికి. మూర్తి గారు చెప్పిన ఉపగ్రహ లెక్కలూ అలాంటివే, అవి కంప్యూటర్ లాగ్‌లో మిగిలిపోయాయి. ఆ వివరాలు ఉంటేనే చదివేవాడికి "ఇలా జరిగి ఉంటే?" అని ఆలోచించే వీలుంటుంది. నిఠారీ పిల్లల్లో చాలామందికి ఆ మొదటి కాగితమే సకాలంలో లేదు. ఏ రోజు, ఏ బట్టలు, చివరిసారి చూసింది ఎవరు అన్నవి రాయని కేసులో ఊహకు పట్టు ఏముంటుంది? పాఠకుడి తప్పు తర్వాతి మాట.

మన దగ్గర హాజీపూర్ ఉంది, యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలం. 2019 ఏప్రిల్‌లో ఒక స్కూలు విద్యార్థిని కనబడకుండా పోయి, పాడుబడ్డ బావిలో మృతదేహంగా దొరికింది. నిందితుణ్ణి విచారించాక అక్కడి బావుల్లోనే ఇంకో ఇద్దరి అవశేషాలు బయటపడ్డాయి. ఒకరు అంతకు ముందు నెలలో పోయినవారు, ఒకరు 2015లో పోయిన 11 ఏళ్ల పాప. నల్లగొండ కోర్టు 2020 ఫిబ్రవరిలో ఉరిశిక్ష వేసింది. 2015 నుంచి 2019 దాకా ఆ పాప అదృశ్యం మండలం బయట ఎవరినీ వెంటాడలేదు. మూడో అమ్మాయి దొరికాకే మొదటి పాపకు రాష్ట్రంలో పేరు వచ్చింది.

చట్టం ఈ లోపును గుర్తించింది. 2013 మే 10న బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీం కోర్టు, పిల్లలు కనబడటం లేదని ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలనీ, కిడ్నాప్ లేదా అక్రమ రవాణా జరిగిందనే భావించి దర్యాప్తు మొదలుపెట్టాలనీ, నాలుగు నెలల్లో ఆచూకీ దొరక్కపోతే మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి పంపాలనీ చెప్పింది. "ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుంది లెండి" అనే మాటకు మైనర్ విషయంలో చోటే లేదు.

నిర్వాహకులు

ఒక సూచన. లైంగిక నేరాలున్న కేసుల్లో బాధితుల పేరు, ఫొటో, కుటుంబ వివరాలు రాయవద్దు. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 72, పిల్లలైతే పోక్సో సెక్షన్ 23 వర్తిస్తాయి. బాధితురాలు చనిపోయినా అంతే. ఊరు, సంవత్సరం రాస్తే చర్చకు సరిపోతుంది.

కొండపల్లి_చందు

సరే, పేరు లేకుండానే. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో విద్యార్థిని హత్య కేసు, 2007 డిసెంబరు 27. మన రాష్ట్రాల్లో ఇంతగా వెంటాడిన కేసు ఇంకొకటి లేదు.

2008లో ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. 2018 చివర్లో దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. తీరా చూస్తే కింది కోర్టులో ఉండాల్సిన రికార్డులు, వస్తువులు ధ్వంసమయ్యాయి. దాని మీద కోర్టు సిబ్బంది పైనే వేరే కేసు పెట్టాల్సి వచ్చింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేశారు.

ఇది పట్టుకోవడానికి నాకు రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, గిరి గీసినట్టున్న చోటు. హాస్టల్, రాత్రి, లోపల ఉన్నవాళ్ల జాబితా. బయట రోడ్డు మీద జరిగిన నేరంలో ఎవరైనా చేసి ఉండొచ్చు, ఇక్కడ "ఎవరైనా" అన్నది చాలా చిన్న గుంపు. ఆరుషి కేసూ అంతే, తాళం వేసిన ఫ్లాట్. రెండోది ఇంకా పెద్దది. ఇక్కడ అన్యాయం రెండుసార్లు జరిగింది. చనిపోయిన అమ్మాయికి ఒకసారి, చేయని నేరానికి ఏళ్ల తరబడి జైల్లో ఉన్న పేద కుర్రాడికి ఇంకోసారి. తేలని కేసు వేరు, తేల్చామని చెప్పాక మళ్లీ తెరుచుకున్న కేసు వేరు. రెండో రకానికే జనం ఎక్కువ కదులుతారు, ఎందుకంటే అక్కడ నేరస్థుడితో పాటు వ్యవస్థ కూడా జవాబు చెప్పాలి.

ల్యాబ్_శ్రీదేవి

చందు గారి మాటకు కలుపుతున్నాను. నేను చూసినంతలో కేసు "మిస్టరీ" అయ్యేది నేరస్థుడి తెలివి వల్ల తక్కువ, సాక్ష్యం చెడిపోవడం వల్ల ఎక్కువ. ఆరుషి ఇంట్లో మొదటి రోజే ఎడాపెడా జనం తిరిగారు, మేడ తలుపు ఆ రోజు తెరవలేదు. ఆ కేసులో మన హైదరాబాద్ సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం) నివేదిక ఒకటి ఉంది. ఆరుషి తండ్రి క్లినిక్‌లో పనిచేసే సహాయకుడి గదిలోంచి తెచ్చిన దిండు గలీబు మీద హేమరాజ్ డీఎన్‌ఏ ఉన్నట్టు 2008లో వచ్చింది. రెండు వస్తువుల వివరణ టైపింగ్‌లో తారుమారైందని 2011లో స్పష్టీకరణ ఇచ్చారు. ఒక్క లేబుల్ వరస మారితే ఒక అనుమానితుడు తెర మీదికి వచ్చి వెళ్లినట్టయింది.

లేబుల్ ఎంత ముఖ్యమో సీల్ చేసే తీరూ అంతే. రక్తం, చెమట అంటిన బట్టను నీడలో ఆరబెట్టి, ఒక్కో వస్తువును విడిగా కాగితపు కవర్లో పెట్టాలి. తడి బట్టను ప్లాస్టిక్ సంచిలో కడితే తేమకు బూజు, సూక్ష్మజీవులు పెరిగి డీఎన్‌ఏ పాడవుతుంది. ఎముకలే మిగిలితే తొడ ఎముక, దెబ్బతినని దవడ పళ్లు మంచి నమూనాలు. పోల్చడానికి తల్లి, తండ్రి ఇద్దరి రక్తం కావాలి. ఒక్కరే ఉంటే తోబుట్టువులది కూడా తీసుకుంటారు.

"ఆధార్ వేలిముద్రలతో గుర్తు తెలియని శవాలను పోల్చేయొచ్చుగా" అని చాలామంది అడుగుతారు. ఆధార్ చట్టం ప్రకారం బయోమెట్రిక్ సమాచారం పోలీసు దర్యాప్తుకు ఇవ్వరు. అందుకే ఇంట్లో మిగిలిన నమూనాలే దిక్కు: టూత్‌బ్రష్, కుదుళ్లతో ఉన్న వెంట్రుకలు చిక్కిన దువ్వెన, ఉతకని లోబట్ట. ఇల్లు సర్దేటప్పుడు మొదట పోయేవి ఇవే.

బెజవాడ_రవి

చాలా థాంక్సండీ. ఒక ప్రశ్న మిగిలింది. ఎవరైనా కనబడకుండా పోతే, ఆ మొదటి కాగితం సరిగ్గా పడటానికి ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

స్టేషన్_రైటర్

24 గంటలు ఆగాలన్న నిబంధన ఎక్కడా లేదు. అది తప్పుడు నమ్మకం. వెంటనే 112, పిల్లలైతే 1098 కూడా. మన రెండు రాష్ట్రాల్లో పెద్దవాళ్లకు "మ్యాన్ మిస్సింగ్", "ఉమెన్ మిస్సింగ్" పద్దుల కిందే ఎఫ్‌ఐఆర్ కడతారు. మా పరిధి కాదు అంటే బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 173 ప్రకారం జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, ఏ స్టేషన్‌లో అయినా రాయాలి. కిడ్నాప్ లాంటి అనుమానం ఉందని చెప్పినా రాయకపోతే అదే సెక్షన్‌లోని సబ్‌సెక్షన్ 4 కింద ఎస్పీకి పోస్టులో రాతపూర్వక ఫిర్యాదు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు. అక్రమంగా ఎవరో నిర్బంధించారన్న అనుమానం ఉంటే హైకోర్టులో హెబియస్ కార్పస్ (ఆ మనిషిని కోర్టు ముందుకు తేవాలని అడిగే పిటిషన్).

ఫిర్యాదులో "మా అమ్మాయి నిన్నటి నుంచి కనబడుట లేదు" అని మూడు లైన్లతో ఆపేయకండి. చివరిసారి చూసింది ఎవరు, గడియారం ప్రకారం ఎన్నింటికి, ఎక్కడ. చెప్పులతో సహా బట్టలు. ఎత్తు, పుట్టుమచ్చలు, ఆపరేషన్ గాట్లు, పళ్లలో ప్రత్యేకత. వాడే మందులు, అవి ఎన్ని రోజులకు సరిపడా ఉన్నాయి. ఫోన్ నంబర్లు అన్నీ, పెట్టె మీద ఉండే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య). వాడే యూపీఐ, బ్యాంకు ఖాతా. పట్టుకెళ్లిన డబ్బు, వదిలేసిన వస్తువులు. వదిలేసినవి పట్టుకెళ్లినవాటి కంటే ఎక్కువ చెబుతాయి: చార్జర్, కళ్లజోడు, బీపీ మాత్రలు ఇంట్లోనే ఉంటే ఆ మనిషి దూర ప్రయాణం అనుకోలేదన్నమాట. ఫొటో స్టూడియోది కాకుండా ఈమధ్యది, పళ్లు కనబడేలా నవ్వుతున్నది ఒకటి, నిలువెత్తుది ఒకటి.

కాలం వరసలో మొదట చెడిపోయేది సీసీ కెమెరా. కిరాణా కొట్లు, అపార్ట్‌మెంట్లలోని డీవీఆర్‌లు (కెమెరా దృశ్యాలు దాచే పెట్టెలు) చాలావరకు పదిహేను నుంచి ముప్పై రోజుల్లో పాతదాని మీదే కొత్తది రాసేస్తాయి. కాల్ రికార్డులు కంపెనీల దగ్గర రెండేళ్లు ఉంటాయి, వాటికి తొందర లేదు. కాబట్టి మొదటి రెండు రోజులూ ఇంటి నుంచి బస్టాండు దాకా ఉన్న కెమెరాల జాబితా మీరే రాసుకుని దర్యాప్తు అధికారికి కాగితం మీద ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. సోషల్ మీడియాలో పెట్టే పోస్టులో స్టేషన్ నంబరే ఇవ్వండి. సొంత నంబరు ఇస్తే డబ్బు అడిగే మోసగాళ్ల ఫోన్లతో అసలు సమాచారం మునిగిపోతుంది.

విశాఖ_లలిత

అసలు బరువు ఆ తర్వాతి ఏళ్లది. దాని గురించి ఎవరూ రాయరు.

ఏడేళ్లు ఆ మనిషి గురించి ఎవరికీ కబురు లేకపోతే చనిపోయినట్టు భావించొచ్చని సాక్ష్య చట్టం చెబుతుంది, పాతదాంట్లో సెక్షన్ 108, ఇప్పుడు బీఎస్‌ఏ 111. ఇది దానంతటదే జరగదు, సివిల్ కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చుకోవాలి. పైగా ఏ తేదీన చనిపోయారో ఆ సెక్షన్ చెప్పదు. 2004లో ఎల్‌ఐసీ కేసులో సుప్రీం కోర్టు ఈ మాటే తేల్చింది. మనిషి కనబడని రోజే పోయినట్టు లెక్కవేసుకుని ప్రీమియం ఆపేస్తే పాలసీ ల్యాప్స్ అవుతుంది, ఏడేళ్ల తర్వాత చేతికి ఏమీ రాదు. మనిషి లేడన్న అనుమానంతోనే ఆ మనిషి పేరు మీద ఏడేళ్లు డబ్బు కట్టాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే ఫ్యామిలీ పెన్షన్‌కు మాత్రం ఎఫ్‌ఐఆర్ తేదీ నుంచి ఆరు నెలలు చాలు, అందుకైనా ఎఫ్‌ఐఆర్ ఉండాలి.

శాస్త్రం పన్నెండేళ్లు ఆగమంటుంది, తర్వాత దర్భలతో బొమ్మ చేసి దహనం చేయించే పద్ధతి ఉంది. ఈలోపు ఆ మనిషి భార్య బొట్టు గురించి, పెళ్లిళ్లకు పిలవడం గురించి బంధువులు తలో మాట అంటారు. సుజాత గారు రాసిన ముగింపు లేని దుఃఖం మన ఇళ్లలో ఉండే రూపం ఇది. రవి గారూ, ఏఎన్-32 జనానికి గుర్తులేదన్నారు. ఏడున్నరేళ్ల తర్వాత 3,400 మీటర్ల లోతు నుంచి ఆ ఫొటోలు వచ్చిన రోజు విశాఖలో ఎనిమిది ఇళ్లకు మాత్రం ప్రశ్న మూసుకుంది. ఎంహెచ్370లో ఉన్న ఐదుగురు భారతీయుల ఇళ్లకు అది కూడా లేదు.

తోట_అనిల్

స్టేషన్_రైటర్ అన్నా, కొట్టువాడు ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే మనం తీసుకోవచ్చా? కోర్టులో చెల్లదంటారు కదా.

స్టేషన్_రైటర్

వెతకడానికి తీసుకోండి, సాక్ష్యంగా మాత్రం అసలు డీవీఆర్‌ను పోలీసులే సీజ్ చేయాలి, లేదా కాపీతో పాటు బీఎస్‌ఏ సెక్షన్ 63 సర్టిఫికెట్ ఉండాలి. అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాస్తారు. మీరు చేయాల్సింది ఒకటుంది: ఆ డీవీఆర్ తెర మీద చూపించే టైమును, పక్కనే మీ ఫోన్ టైమును కలిపి ఒక ఫొటో తీసుకోండి. కొట్లలోని డీవీఆర్ గడియారాలు పది, ఇరవై నిమిషాలు తేడాగా నడుస్తుంటాయి. ఆ తేడా రాసుకోకపోతే ఒక కెమెరాలో 6:40కి కనబడిన మనిషి తర్వాతి కెమెరాలో 6:25కే కనబడుతుంది, దర్యాప్తు తప్పు దిక్కుకు పోతుంది.